వేవ్ ఫైళ్లకు పెట్టిన ట్యాగులు నిలవడం లేదు – నాన్నగారి క్యాసెట్లు ఎక్కిస్తున్నాను, సాయం చేయండి

క్యాసెట్‌పెట్టె | వనస్థలిపురం | శనివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదువుకోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ వారం ఏం చేయాలో తోచక రాస్తున్నాను.

మా నాన్నగారి దగ్గర 64 క్యాసెట్లు ఉన్నాయి. 1983 నుంచి 1996 దాకా చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోను, నల్లకుంట శంకరమఠంలోను, మా కాలనీ శ్రీరామనవమి పందిట్లోను ఆయన ముందు వరసలో కూర్చుని రికార్డు చేసుకున్నవి. ఎక్కువ కచేరీలు. హరికథలు కొన్ని, బుర్రకథలు రెండు. ఒక క్యాసెట్‌లో మా నాయనమ్మ పాడిన మంగళహారతులు. ప్రతి అట్ట మీద నాన్నగారు తేదీ, పాడినవారు, రాగం, తాళం, పక్కవాద్యాలు నీలం ఇంకుతో రాసిపెట్టారు. కొన్ని అట్టలు చెమ్మకి అలుక్కుపోయాయి. ఆయనకి ఇప్పుడు 79. చూపు తగ్గింది కానీ జ్ఞాపకం గట్టిది. క్యాసెట్ రెండు నిమిషాలు వినిపిస్తే చాలు, మృదంగం మీద ఎవరున్నారో చెప్పేస్తారు.

నేను 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లుగా ఎక్కిస్తున్నాను. ఇప్పటికి 41 క్యాసెట్లు అయ్యాయి. ఆయన చెప్పినవన్నీ తెలుగులోనే ట్యాగులుగా, అంటే ఫైలు లోపలే ఉండే వివరాల చీటీలుగా రాశాను. తర్వాత మొదట్లో ఉన్న ఖాళీ టేపు చప్పుడు కత్తిరించడానికి ఫైళ్లను ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేశాను. ట్యాగులు పోయాయి. కత్తిరించని వాటిని ఇంకో ప్లేయర్‌లో తెరిస్తే పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు. మామయ్యకి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తే ఆయన కారులో ఫైలు పేరు తప్ప ఏమీ కనబడలేదట.

రెండు వారాల పాటు సాయంత్రాలు నాన్నగారిని కూర్చోబెట్టి రాసుకున్నవి అవి. మళ్లీ అడిగితే ఆయన విసుక్కోరు, నాకే బాధగా ఉంది. వేవ్ ఫైలుకి ట్యాగు అతుక్కుని ఉండే దారి ఏదైనా ఉందా?


కోఠి కేబుల్ | శనివారం రాత్రి 11:05

ఫ్లాక్‌లోకి (శబ్దం పోకుండా కుదించి దాచే ఫైలు రకం) మార్చేయండి సార్. శబ్దంలో ఒక్క బిట్ కూడా పోదు, ట్యాగులు గట్టిగా నిలుస్తాయి, తెలుగు బాగా వస్తుంది. వేవ్‌తో కుస్తీ పట్టడం దండగ.


నల్లకుంట నాదం | శనివారం రాత్రి 11:51

క్యాసెట్‌పెట్టె గారూ, ముందుగా ఒక మాట. కత్తిరించకముందు ఫైళ్ల కాపీ ఎక్కడైనా ఉంటే దాన్ని ఇక ముట్టుకోకండి. రీడ్ ఓన్లీ పెట్టి పక్కన ఉంచండి. ప్రశ్నార్థకాలు కనబడిన ఫైళ్లలో కూడా మీరు రాసిన తెలుగు లోపల భద్రంగా ఉండే అవకాశం ఉంది. ఎందుకో చెబుతాను. ఇరవై ఏళ్లుగా రికార్డింగ్ పనిలో ఉన్నాను, ఈ ఇబ్బంది నేనూ చాలాసార్లు పడ్డాను.

వేవ్ ఫైలు అంటే ఒక బీరువా. 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి తయారు చేశాయి. దాని లోపల అరలు ఉంటాయి, వాటిని చంకులు అంటారు. ప్రతి అరకి నాలుగు అక్షరాల పేరు, ఎంత పొడవుందో చెప్పే అంకె, ఆ తర్వాత లోపలి సరుకు. ఒక అరలో శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచారో), బిట్ల లెక్క ఉంటాయి. ఇంకో అరలో శబ్దం ఉంటుంది. ఈ రెండూ ఉంటే పాట మోగుతుంది. తక్కినవన్నీ ఐచ్ఛికం.

ట్యాగులు ఉండేది ఆ ఐచ్ఛికమైన అరల్లో. అది కూడా ఒకటి కాదు, కనీసం నాలుగు రకాలు. మొదటి నుంచీ ఉన్నది లిస్ట్ ఇన్ఫో. 1997లో ఐరోపా రేడియో సంస్థల సంఘం ఈబీయూ తెచ్చిన బ్రాడ్‌కాస్ట్ వేవ్‌లోది బెక్స్ట్. సినిమా షూటింగుల్లో వాడే రికార్డర్లు రాసేది ఐఎక్స్‌ఎంఎల్. ఎంపీ3 లోకం నుంచి తెచ్చి పెట్టింది ఐడీ3. మీరు వాడిన ట్యాగు సాఫ్ట్‌వేర్ ఒక అరలో రాసి ఉంటుంది, ప్లేయర్ ఇంకో అర తెరిచి చూసి ఉంటుంది.

ఇక ఎడిటర్ సంగతి. తనకి తెలియని అర ఎదురైతే దాన్ని దాటి ముందుకు పోవాలన్నది చదివేవాళ్లకి నియమం. చదవడానికి అది బాగానే ఉంది. కానీ సేవ్ చేసేటప్పుడు చాలా ఎడిటర్లు పాత బీరువాని సర్దవు, కొత్త బీరువా చేస్తాయి. తమకి తెలిసిన అరలే అందులో పెడతాయి. తెలియనివి పాత ఫైలుతోనే పోతాయి. మీ ట్యాగుల్ని ఎవరూ కావాలని చెరపలేదు, కొత్త ఇంట్లోకి ఎవరూ మోసుకెళ్లలేదు అంతే.

అందుకే వేవ్‌లో ట్యాగు నిలుస్తుందా అని అడిగితే నా జవాబు ఇది: ఫైలుని ముట్టుకునే ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ ఆ అర తెలిసినంత కాలం నిలుస్తుంది.


క్యాసెట్‌పెట్టె | ఆదివారం ఉదయం 7:20

నాదం గారూ, రాత్రి మీ జవాబు చదివాక కాస్త నిద్ర పట్టింది. కత్తిరించని కాపీ 29 క్యాసెట్లకి ఉంది. మిగతా 12 పోయినట్టే. ఆ ప్రశ్నార్థకాలు ఎందుకు వస్తాయో కూడా చెప్పగలరా? తెలుగు రాయడమే తప్పా?


తంబురశ్రుతి | పద్మారావునగర్ | ఆదివారం ఉదయం 9:34

తెలుగు రాయడం తప్పు కాదండీ. రాసిన అర తెలుగు కోసం కట్టింది కాదు.

లిస్ట్ ఇన్ఫోలో అక్షరాలు ఏ పద్ధతిలో రాయాలో గట్టి నియమం లేదు. ఒక సాఫ్ట్‌వేర్ యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి) రాస్తుంది, ఇంకొకటి దాన్ని కంప్యూటర్‌లో ఉన్న పాత లాటిన్ పట్టికతో చదువుతుంది. అప్పుడు పిచ్చి గుర్తులు వస్తాయి. రాసేటప్పుడే ఆ పాత పట్టికలోకి మార్చబోతే తెలుగు అక్షరాలకి అందులో చోటే లేదు గనుక ఒక్కో దాని బదులు ఒక్కో ప్రశ్నార్థకం పడుతుంది. ఈ రెండింటికీ తేడా ముఖ్యం. పిచ్చి గుర్తులు కనబడితే అసలు తెలుగు లోపల ఉన్నట్టే, సరైన పద్ధతిలో చదివితే తిరిగి వస్తుంది. ప్రశ్నార్థకాలు ఫైలులోనే రాసి ఉంటే మాత్రం రాదు. చూపించేటప్పుడు ప్లేయర్ పెట్టిన ప్రశ్నార్థకాలా, ఫైలులోనే ఉన్నవా అన్నది మొదట ట్యాగులు రాసిన సాఫ్ట్‌వేర్‌లోనే తెరిచి చూస్తే తెలిసిపోతుంది.

బెక్స్ట్ సంగతి ఇంకా ఇరుకు. అది ఆస్కీ అక్షరాల కోసం, అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తుల కోసం మాత్రమే కొలిచి కట్టినది. వివరణకి 256 బైట్లు, తయారు చేసినవారి పేరుకి 32, గుర్తింపు సంఖ్యకి 32. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటాయి. హైదరాబాద్ అని రాస్తే 27 బైట్లు, 32లో పడుతుంది. సికింద్రాబాద్ అని రాస్తే 39, పట్టదు. మా ఊరు పేరు సగంలో తెగిపోతుంది. తెగడం కూడా అక్షరం మధ్యలో తెగితే చివర ఒక విరిగిన గుర్తు మిగులుతుంది.

మరి తెలుగు ఎక్కడ రాయాలి అంటే వేవ్‌లో అయితే ఐడీ3 అరలో. దాని 2.3 వెర్షన్ యూటీఎఫ్-16ని, 2.4 యూటీఎఫ్-8ని కూడా ఒప్పుకుంటాయి, రెండింటిలోనూ తెలుగు శుభ్రంగా ఉంటుంది. విండోస్‌లో ఎంపీ3ట్యాగ్, లినక్స్‌లో కిడ్3 ఈ అరని రాస్తాయి. ఫూబార్2000 కూడా.


మల్కాజిగిరి మైకు | ఆదివారం మధ్యాహ్నం 12:15

కోఠి కేబుల్ తమ్ముడూ, నీ మాట మీద గౌరవం ఉంది కానీ ఒప్పుకోలేను. మాస్టర్ అన్నది, అంటే దాచుకునే అసలు ప్రతి, వేవ్‌లోనే ఉండాలి. శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ వాళ్ల మార్గదర్శకాల్లో కూడా దాచుకునే ప్రతికి బ్రాడ్‌కాస్ట్ వేవ్‌నే చెప్పారు. కారణం ఉంది. వేవ్‌లో శబ్దం ఉన్నది ఉన్నట్టు వరసగా ఉంటుంది. రేపు డిస్కు మీద ఒక చోట పాడైనా అక్కడ టక్‌మని చప్పుడు వచ్చి మిగతాది మోగుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ లేకపోయినా శాంపిల్ రేటు, బిట్ల లెక్క, మోనోనా స్టీరియోనా తెలిస్తే చాలు, దాని లోపలి శబ్దాన్ని బయటికి తీయొచ్చు.

పెద్దాయన పదమూడేళ్లు చేసిన పని ఇది. డిస్కు చవకగా దొరికే రోజుల్లో కుదించి దాచాల్సిన అవసరం ఏముంది?


కోఠి కేబుల్ | ఆదివారం మధ్యాహ్నం 1:40

అన్నా, మీరు చెప్పిన కారణాలు నాకు తెలుసు. ఫ్లాక్ కూడా ముక్కలు ముక్కలుగానే ఉంటుంది, ఒక ముక్క పాడైతే ఆ ముక్కే పోతుంది, తర్వాతది మళ్లీ అందుకుంటుంది. 2001లో వచ్చింది, దాని నిర్మాణం అంతా బహిరంగంగా ఉంది, 2024 డిసెంబర్‌లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 9639గా ప్రచురించింది.

నేను ఫ్లాక్ అంటున్నది చోటు కోసం కాదు. నిజానికి క్యాసెట్‌లకి చోటు పెద్దగా కలిసిరాదు. టేపు సన్నని బుస్సుమనే చప్పుడు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, దాన్ని కుదించడం ఎవరి వల్లా కాదు. 24 బిట్లలో కింది బిట్లన్నీ ఆ చప్పుడే. సీడీ పాటలు కుదించినంతగా ఇవి కుదరవు. నేను చెప్పేది రెండు విషయాలు.

ఒకటి, ఫ్లాక్‌లో ట్యాగులు మొదటి నుంచీ నిర్మాణంలో భాగం. ఒకే పద్ధతి, యూటీఎఫ్-8 తప్ప వేరే మాట లేదు. ఫ్లాక్‌ను చదివే సాఫ్ట్‌వేర్‌కి ట్యాగు ఎక్కడుందో వెతుక్కునే పని ఉండదు.

రెండు, ఫ్లాక్ ఫైలు మొదట్లోనే కుదించకముందు శబ్దం తాలూకు ఎండీ5 రాసి ఉంటుంది. అది ఆ శబ్దానికి వేలిముద్ర. పదేళ్ల తర్వాత కూడా ఒక్క ఆదేశంతో విప్పి, లెక్క కట్టి, ఆ ముద్రతో సరిపోయిందా లేదా అని చెబుతుంది. ట్యాగులు ఎన్నిసార్లు మార్చినా ఆ ముద్ర మారదు, అది శబ్దానికి మాత్రమే గనుక. మామూలు వేవ్‌లో ఇది లేదు. ఫైలు మొత్తానికి ఎండీ5 తీసి పెట్టుకుంటే ట్యాగులో ఒక అక్షరం దిద్దగానే అది మారిపోతుంది, పాట పాడైందా పేరు మారిందా తెలియదు.


మల్కాజిగిరి మైకు | ఆదివారం మధ్యాహ్నం 2:25

ఎండీ5 మాట బాగా చెప్పావు. వేవ్‌కి కూడా ఆ సదుపాయం ఉంది. బీడబ్ల్యూఎఫ్ మెటాఎడిట్ అని ఉచిత సాఫ్ట్‌వేర్, అమెరికా ప్రభుత్వ సంస్థలు తమ శబ్ద భాండాగారాల కోసం రాయించుకున్నది. శబ్దం ఉన్న అరకి మాత్రమే ఎండీ5 లెక్క కట్టి అదే ఫైలులో ఇంకో అరలో పెడుతుంది. బెక్స్ట్, లిస్ట్ ఇన్ఫో రెండూ రాస్తుంది, ఉన్నవన్నీ ఒక పట్టికగా బయటికి తీస్తుంది, ఆ పట్టికని దిద్ది మళ్లీ ఫైళ్లలోకి ఎక్కిస్తుంది. 64 క్యాసెట్ల పని ఒక్కొక్కటీ తెరిచి రాసుకోవాల్సిన పని లేదు.


రాత్రిబండి | కాచిగూడ | ఆదివారం రాత్రి 11:30

మీ ఇద్దరి వాదనా చదివాను. నా అనుభవం చెబుతాను.

నా దగ్గర మా అమ్మ పల్లెపాటలు ఉండేవి. బతుకమ్మ పాటలు, నాట్లప్పుడు పాడేవి, పెళ్లిపాటలు. అన్నీ వేవ్‌లోనే, ట్యాగులు చక్కగా రాసుకున్నాను. ఆరేళ్ల కింద డిస్కు పాడైంది. డేటా తీసే అంగడికి ఇస్తే ఫైళ్లు చాలావరకు వచ్చాయి, పేర్లు రాలేదు. అన్నిటికీ ఒకటి, రెండు, మూడు అని నంబర్లు. కొన్ని ఫైళ్లకి చివరి భాగం తెగిపోయింది. నా ట్యాగులు ఉన్నది ఆ చివర్లోనే. చాలా సాఫ్ట్‌వేర్లు ట్యాగు అరని శబ్దం తర్వాత పెడతాయి, ముందు పెడితే ప్రతిసారీ శబ్దమంతా జరిపి రాయాల్సి వస్తుంది కాబట్టి. పాట మిగిలింది, ఏ పాటో పోయింది. అమ్మ అప్పటికే లేదు.

నన్ను కాపాడింది ఒక నోటుబుక్కు. రికార్డు చేసిన రోజుల్లో ప్రతి పాటకి మొదటి చరణం, ఎన్ని నిమిషాలో రాసుకున్నాను. నిమిషాలు చూసి, మొదటి చరణం విని, మూడు నెలల్లో దాదాపు అన్నీ జత కలిపాను.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. టేపు ఎక్కించేటప్పుడు ముందు నేనే మైకులో చెబుతాను: ఇది ఫలానా నంబరు, ఫలానా వైపు, ఎవరు పాడారు, ఏ ఊరు. ఆ తర్వాత టేపు నడుపుతాను. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వదిలేయదు, ఎందుకంటే అది ట్యాగు కాదు, శబ్దమే. ఫ్లాకైనా వేవైనా ఎంపీ3 అయినా దాంతోనే పోతుంది. పాత రేడియో స్పూళ్ల మొదట్లో కూడా ఇలా చెప్పి పెట్టినవి విన్నాను.


నల్లకుంట నాదం | సోమవారం ఉదయం 6:50

రాత్రిబండి గారూ, ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మైకులో చెప్పి పెట్టడం నేనూ మొదలుపెడతాను.

క్యాసెట్‌పెట్టె గారూ, అదే మాట మీకూ. అయితే మీరు చెప్పకండి. నాన్నగారి చేత చెప్పించండి.


దక్కన్ మ్యాక్ | సోమవారం ఉదయం 10:10

మ్యాక్ వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. కుదించని ఫైలే కావాలి, ట్యాగూ నిలవాలి అంటే ఏఐఎఫ్‌ఎఫ్ కూడా ఉంది. ఆపిల్ 1988లో తెచ్చింది. ఇందులోనూ అరలే, ఐడీ3 అరని ఆపిల్ మ్యూజిక్ యాప్ చదువుతుంది, రాస్తుంది. వేవ్‌కి మాత్రం ఆ యాప్ మీరు రాసిన పేరుని తన లైబ్రరీలో పెట్టుకుంటుంది, ఫైలులో రాయదు. అందుకే అక్కడ అంతా ఉన్నట్టే కనబడి, ఫైలుని వేరే కంప్యూటర్‌లోకి తీసుకెళితే ఖాళీగా ఉంటుంది. నేను దీంతో ఏడాది మోసపోయాను.

ఇంకోటి, ఫైలు పేర్లు తెలుగులో పెట్టకండి. హైదరాబాద్‌లో ఉన్న ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు, ఒకే గుర్తుగానో, ఎత్వం దాని కింద ఇంకో గుర్తుగానో. పాత మ్యాక్ డిస్కులు ఫైలు పేరులో ఉన్నదాన్ని విడదీసి రెండో రకంగా దాచేవి. కంటికి రెండూ ఒకటే. వెతికితే ఒకటి దొరుకుతుంది, ఇంకొకటి దొరకదు. ట్యాగు లోపల తెలుగు రాయండి, ఫైలు పేరుకి అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు చాలు.


క్యాసెట్‌పెట్టె | మంగళవారం రాత్రి 9:55

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. రెండు రోజుల్లో ఏం చేశానో చెబుతాను.

తంబురశ్రుతి గారు చెప్పినట్టు కత్తిరించని 29 క్యాసెట్ల ఫైళ్లు ట్యాగులు రాసిన సాఫ్ట్‌వేర్‌లోనే తెరిచి చూశాను. తెలుగు ఉంది! ఐడీ3 అరలో చెక్కుచెదరకుండా ఉంది. లిస్ట్ ఇన్ఫోలో మాత్రమే ప్రశ్నార్థకాలు. నేను చూసిన ప్లేయర్ ఆ రెండోదాన్ని చదివిందన్నమాట. నాన్నగారికి చెబితే ఆయన నాకంటే ఎక్కువ సంతోషించారు.

కానీ కొత్త టెన్షన్ ఒకటి. పాత ప్లేయర్ ఒకటి ఉంది ఇంట్లో, పెన్‌డ్రైవ్ పెట్టేది. దాంట్లో ట్యాగు పెట్టిన వేవ్ వేస్తే కచేరీ అయిపోయాక చివర్లో పరపరమని చిన్న చప్పుడు వస్తోంది. ట్యాగు లేని ఫైలుకి రావడం లేదు. ఫైలు పాడవుతోందా?


నల్లకుంట నాదం | మంగళవారం రాత్రి 10:20

పాడవలేదు, కంగారు పడకండి. ఆ ప్లేయర్ అరల్ని చూడటం లేదు. వేవ్ ఫైళ్లలో చాలావాటికి మొదటి 44 బైట్లు వివరాలు, ఆ తర్వాతదంతా శబ్దం అనుకుని చేసిన యంత్రాలు కొన్ని ఉన్నాయి. మీ ట్యాగు ఫైలు చివర ఉంది. ఆ ప్లేయర్ దాన్ని కూడా శబ్దం అనుకుని మోగించేస్తోంది. మీరు విన్న ఆ పరపర నాన్నగారు చెప్పిన రాగాల పేర్లే.

ఆ యంత్రానికి ట్యాగు లేని కాపీ ఇవ్వండి. మామయ్య గారి కారుకి ఎంపీ3 కాపీ చేసి ఐడీ3 2.3 రాయండి. కారు తెరల్లో తెలుగు లిపి ఉండకపోవచ్చు, కాబట్టి ఆ కాపీలో మాత్రం పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి.


తంబురశ్రుతి | మంగళవారం రాత్రి 11:02

ఇంగ్లీషు అక్షరాలు అన్నారు కనుక ఒక జాగ్రత్త. ఒకే స్పెల్లింగు ముందే నిర్ణయించుకుని కాగితం మీద రాసుకోండి. తోడి రాగానికి నా దగ్గరే మూడు స్పెల్లింగులు తయారయ్యాయి, ఒకటి వెతికితే మిగతా రెండూ రావు. తెలుగులో రాస్తే ఈ బాధ ఉండదు, తోడి అంటే తోడే.

సంగీతానికి ట్యాగుల్లో ఉన్న గళ్లు సరిపోవు, అది నాకు ఎప్పటి నుంచో ఉన్న దిగులు. పాట పేరు, ఆర్టిస్టు, ఆల్బమ్ అని ఉంటాయి. మన కచేరీకి వాగ్గేయకారుడు వేరు, పాడినవారు వేరు, వయొలిన్, మృదంగం, ఘటం వేరు. రాగం, తాళం ఉండాలి. ఆలాపన ఎక్కడ మొదలైంది, తని ఆవర్తనం (మృదంగం, ఘటం వాళ్లు విడిగా వాయించే భాగం) ఎక్కడ అన్నది ఉండాలి. ఫ్లాక్‌లో మనకి కావాల్సిన గడిని మనమే పేరు పెట్టి చేసుకోవచ్చు. గడి పేరు ఆస్కీలో ఉండాలి, లోపల మాత్రం తెలుగు ఎంతైనా రాసుకోవచ్చు. ఒకే పేరుతో రెండు మూడు గళ్లు కూడా పెట్టొచ్చు, ఒక్కో పక్కవాద్యానికి ఒక్కోటి. ఐడీ3లో కూడా సొంత గళ్లు పెట్టొచ్చు కానీ అన్ని ప్లేయర్లూ చూపించవు.

దయచేసి పక్కవాద్యాల వాళ్ల పేర్లు వదిలేయకండి. పాడినవారి పేరు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఫలానా రోజు మోర్సింగ్ ఎవరు వాయించారో మీ నాన్నగారి అట్ట మీద తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు. ఆ అట్టల ఫొటోలు కూడా తీసి పెట్టండి. ఫ్లాక్‌లోనూ ఐడీ3లోనూ బొమ్మ కూడా లోపల పెట్టొచ్చు, నీలం ఇంకు రాత అలాగే కనబడుతుంది.


మల్కాజిగిరి మైకు | బుధవారం ఉదయం 8:05

ఒక చిన్న హెచ్చరిక. క్యాసెట్ రెండు వైపులూ కలిపి ఒకే ఫైలు చేస్తే 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో 90 నిమిషాలకి దాదాపు 1.56 జీబీ, ఇబ్బంది లేదు. అదే 96 కిలోహెర్ట్జ్‌లో స్పూలు టేపులు ఎక్కించేవాళ్లు జాగ్రత్త. వేవ్‌లో పొడవు చెప్పే అంకె 32 బిట్లదే, 4 జీబీ దాటితే పట్టదు. స్టీరియో అయితే సుమారు 2 గంటల 4 నిమిషాలకే ఆ గీత వస్తుంది. ఆ పైన కావాలంటే పెద్ద ఫైళ్ల కోసం చేసిన వేవ్ రకం ఆర్‌ఎఫ్64 ఉంది. నేనైతే వైపుకి ఒక ఫైలు చేస్తాను.

ఇక కోఠి తమ్ముడితో నా వాదన ముగిసింది. మాస్టర్ వేవ్ ఒకటి ముట్టుకోకుండా ఉంచి, వినడానికీ వెతకడానికీ ట్యాగులన్నీ నిండుగా ఉన్న ఫ్లాక్ ఇంకొకటి ఉంచితే ఇద్దరి మాటా నిలుస్తుంది. వేవ్‌లో బెక్స్ట్ గుర్తింపు గడిలో నంబరు మాత్రం రాస్తే చాలు. ఆ నంబరు తెలిస్తే మిగతాదంతా పట్టికలో దొరుకుతుంది.


కోఠి కేబుల్ | బుధవారం ఉదయం 9:12

సంతోషం అన్నా. ఫ్లాక్ చేసేటప్పుడు వేవ్‌లోని అరలన్నిటినీ కూడా లోపల దాచి పెట్టే ఆప్షన్ ఒకటి ఉంది, దాన్ని వాడితే తిరిగి వేవ్ చేసినప్పుడు బెక్స్ట్‌తో సహా మొత్తం వెనక్కి వస్తుంది. మామూలుగా చేస్తే ఆ అరలు రావు, గుర్తుపెట్టుకోండి.


క్యాసెట్‌పెట్టె | ఆదివారం సాయంత్రం 6:30

ఈ వారం రోజూ గంట కూర్చున్నాం. 29 క్యాసెట్లకీ పట్టిక తయారైంది. పోయిన 12 క్యాసెట్లు మళ్లీ డెక్‌లో పెట్టి, ఈసారి మొదట నాన్నగారి గొంతుతో నంబరు, తేదీ, చోటు, పేర్లు చెప్పించి ఎక్కిస్తున్నాను. మొదటి రోజు మొహమాటపడ్డారు. ఇప్పుడు ఆయనే ముందు గొంతు సవరించుకుని మైకు దగ్గరికి జరుగుతున్నారు. ట్యాగు రాయడానికి నేను తర్వాత ఆ మాటలే వింటున్నాను, ఆయన్ని మళ్లీ అడగనక్కర్లేదు.

నిన్న 37వ క్యాసెట్ దగ్గర ఒకటి జరిగింది. కీర్తన మధ్యలో హఠాత్తుగా మైకు శబ్దం పోయి, గొంతు దూరమైపోయింది. టేపు పాడైందనుకుని ఆపబోయాను. నాన్నగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆపకు. కరెంటు పోయింది. నా రికార్డరు బ్యాటరీ మీద ఉంది. ఆవిడ ఆపలేదు, మైకు లేకుండానే పాడింది. సభంతా చీకట్లో ఊపిరి బిగబట్టి విన్నది. విను" అన్నారు. విన్నాను. నిజంగానే ఎవరూ దగ్గలేదు. కాసేపటికి ఎవరో లాంతరు తెచ్చినట్టు చెప్పులచప్పుడు, ఒక చిన్నపిల్ల ఏదో అడగడం.

"ఇది కూడా రాయి" అన్నారు. ఏ గడిలో రాయాలి?


నల్లకుంట నాదం | ఆదివారం సాయంత్రం 7:15

వేవ్‌లో దానికి ఒక అర ఉంది. క్యూ అని, శబ్దంలో ఫలానా చోటు అని గుర్తు పెడుతుంది. దాని పక్కనే ఆ గుర్తుకి పేరు రాసే లేబుల్ అర ఉంటుంది. ఎడిటర్లలో మార్కర్ పెడితే చాలావరకు అక్కడే రాస్తాయి. కానీ మళ్లీ అదే సంగతి, అది కూడా ఐచ్ఛికమైన అరే. మార్కర్ పెట్టండి, పట్టికలో నిమిషం, సెకనుతో సహా రాయండి, ఫ్లాక్ కామెంటులో కూడా రాయండి.

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.


క్యాసెట్‌పెట్టె | ఆదివారం రాత్రి 9:40

రాశాను. ఆయన చెబుతుంటే రాసింది, మాట మార్చలేదు:

నంబరు 37, మొదటి వైపు. 31 నిమిషాల 20 సెకన్లు: కరెంటు పోయింది. పాట ఆగలేదు. 38 నిమిషాల 5 సెకన్లు: కరెంటు వచ్చింది, మైకు మళ్లీ పనిచేసింది. ఈ మధ్యలో వయొలిన్ వాయించినాయన చీకట్లో ఒక్క స్వరం తప్పలేదు. ఆయన పేరు అట్ట మీద అలుక్కుపోయింది, నాకు గుర్తు రావడం లేదు. ఆ గడి ఖాళీగా ఉంచు. గుర్తొస్తే చెబుతాను.